అర్జీ, వాంగ్మూలం, దండోరా

దళిత కవిత్వంలో బాధ ఉంది, కోపం ఉంది, శిల్పం మాత్రం లేదు. ఈ మాట తెలుగు సాహిత్యంలో చానా ఏండ్లు నడిచింది. 1995లో ‘చిక్కనవుతున్న పాట’, 1996లో ‘పదునెక్కిన పాట’ వచ్చిన రోజుల్లో సభల మీద, చాయ్ హోటళ్ల కాడ, పత్రికల ఆఫీసుల్లో ఈ మాట వినని దళిత కవి ఉండడు. అన్నవాళ్లంత శత్రువులేం కాదు. కొందరు మా మేలు కోరే అన్నరు. ‘మీ దగ్గర వస్తువు బలంగ ఉంది, రూపం మీద కొంచెం శ్రద్ధ పెట్టండి’ అని భుజం తట్టిండ్రు. తోలు తెచ్చేటోడు వేరు, చెప్పు కుట్టేటోడు వేరు అన్నట్టు ఉంటది ఈ లెక్క. మా ఇండ్లల్ల తోలును పదును జేసినోడే చెప్పు కుట్టిండు.

అసలు రూపం అంటే ఏమిటి? గణాలు, యతిప్రాసలు, ప్రతీకలు, పదచిత్రాలు అని పుస్తకాలు చెప్తయి. అవి కాదని నేననను. కాని వాటికంటె ముందు నాలుగు ప్రశ్నలున్నయి. ఈ పద్యంల మాట్లాడుతున్నదెవరు? ఎవరితోని మాట్లాడుతున్నరు? ఎవరి భాషల? ఏ దరువు మీద? ఈ నాలుగింటికి కవి ఇచ్చుకున్న జవాబే ఆ కవిత రూపం. అట్ల చూస్తే దళిత కవి తనను తాను వెతుక్కున్న పోరాటమంత రూపంలనే కనబడతది. బాధ అందరికీ ఒకే తీరుగ ఉండొచ్చు. ఆ బాధను ఎవరి ముందర, ఎట్ల నిలబడి చెప్పిండన్న దాంట్లనే వాడెవడో తెలుస్తది.

నేను భువనగిరి గుట్ట కనబడే ఊర్లె మాదిగవాడల పుట్టిన. ఏకశిల మీద కట్టిన కోట అది. చాళుక్య త్రిభువనమల్లుని పేరు మీదనే భువనగిరి అయిందని చెప్తరు. కోట గోడల రాళ్లు మోసినోళ్ల పేర్లు ఏ శాసనంల లేవు. మా నాయన చెప్పులు కుట్టిండు, మోటబొక్కెనలు కుట్టిండు, డప్పు కొట్టిండు. ఊర్లె ఏదన్న కబురు చాటాల్నంటె నాయననే పిలిచేటోళ్లు. శిస్తు కట్టుమని, బొడ్రాయి పండుగ ఫలానా దినమని, దొర పొలంల రేపు నాట్లని డప్పు కొట్టుకుంట వాడవాడ తిరిగేటోడు. నాయన గొంతు ఊరంతకు తెలుసు. ఆ గొంతులకెల్లి వచ్చిన మాట ఒక్కటి సుత నాయనది కాదు.

ఇది మా ఒక్క ఇంటి సంగతి కాదు. నిజాం కాలంల వెట్టి అంటె బరువులు మోసుడొక్కటే కాదు. ఒక ఊరి కాగితం ఇంకో ఊరికి, పటేలు మాట తాలూకాకు మోసుకపోవుడు సుత మాల మాదిగల వెట్టే. తరతరాలు వార్తాహరులుగ బతికిన జాతి మాది. తన వార్త మోసే మనిషి మాత్రం లేడు. ఈ ఒక్క సంగతి మనసుల పెట్టుకొని జాషువా ‘గబ్బిలం’ చదవండి. దాని రూపం వేరుగ కనబడతది.

‘గబ్బిలం’ 1941లో వచ్చింది. సందేశకావ్యం అనే ఆ కట్టడం కాళిదాసుది. ‘మేఘసందేశం’ల యక్షుడు రామగిరి మీద నిలబడి అలకాపురిల ఉన్న భార్యకు మబ్బుతోని కబురంపుతడు. జాషువా ఈ కట్టడాన్ని తీసుకున్నడు, లోపల మనిషిని మార్చిండు. ఇక్కడ కబురు పంపేది ఆకలితోని ఉన్న అంటరానివాడు. కబురు పోయేది కైలాసంల శివుని దగ్గరికి. మోసుకపోయేది గబ్బిలం. గుడిలోపలికి వాడు పోలేడు, గబ్బిలం పోతది. గర్భగుడి చీకట్ల తలకిందులుగ వేలాడే పక్షికి మైల లేదు, మనిషికి ఉంది. పూజారి లేని యాళ చూసి దేవుని చెవిల వేయమంటడు.

విమర్శకులు దీన్ని ‘కాళిదాసుకు అనుసరణ’ అని రాసి ఊకున్నరు. అనుసరణ అనే మాటతోని ఇక్కడ పనిగాదు. సందేశకావ్యానికి మూలం ఎడబాటు. చెప్పాల్సినోడు ఒక తావున, వినాల్సినోడు ఇంకో తావున, నడుమ ఒక దూత. అంటరానితనం కట్టడం సుత అచ్చం ఇదే. మాట నేరుగ పోదు, నడుమ ఎవరో ఒకరు ఉండాలె, దూరం నుంచే చెప్పాలె. అందుకే ఆ రూపం జాషువా చేతిల అలంకారం కాలేదు, బతుకు కొలత అయింది. ఇంకొక తేడా చూడండి. యక్షుని శాపం ఒక్క ఏడాది. గడువు తీరితె ఇంటికి పోతడు. గబ్బిలానికి కబురు చెప్పేటోని శాపానికి గడువు లేదు. ఒకే కట్టడంల ఒకనికి తిరుగుదారి ఉంది, ఇంకొకనికి లేదు. ఊరి వార్తలు మోసిన జాతిల పుట్టినోడు మొదటిసారి తన వార్తను ఇంకొకరితోని పంపుతున్నడు. రూపం చెప్పే సంగతి ఇది. పద్యాలకు అర్థతాత్పర్యాలు రాస్తె దొరకదు.

కావ్యం మొదలు ‘వాడు’ అని మొదలయితది. పేదవాడొకడు పుట్టిండని కవి బయటినుంచి చెప్తడు. తర్వాత ఆ వాడే గబ్బిలంతోని మాట్లాడుతడు. ‘వాడు’ నుంచి ‘నేను’కు వచ్చే ఈ దాటు చిన్నదిగాదు. జాషువా తనను తాను నేరుగ ‘నేను’ అని నిలబెట్టుకొని తన బతుకంత పద్యాలల్ల చెప్పుకున్న పుస్తకం ‘నా కథ’ చానా వెనుక వచ్చింది. మొదలు వేరే మనిషిని ముంగట పెట్టి, వాని నోటితోని మాట్లాడి, ఆఖరుకు తన నోటికి వచ్చిండు.

ఇక పద్యం సంగతి. మనోళ్లు కొందరు ఛందస్సు బ్రాహ్మణులది, జాషువా దాన్ని ఎందుకు పట్టుకున్నడని అంటరు. ఛందస్సుకు కులం లేదు, ఛందస్సు నేర్పే అరుగుకు కులం ఉంది. జాషువా కాలంల పద్యం రాసుడు ఒక పరీక్ష. ఆ పరీక్షల గెలిచినా గడప లోపలికి రానియ్యలేదు. తన కవిత్వాన్ని మెచ్చుకున్నోళ్లు ‘మీదే కులం’ అని అడిగి, తెలిసినంక లేచిపోయిన సంగతి ఆయననే పద్యంల రాసుకున్నడు. అటువంటి చోట తప్పులేని ఉత్పలమాల రాసుడంటె గుడి తలుపు తట్టినట్టే.

సీసపద్యం కట్టడం చూద్దాం. ఒక్కో పాదంల ఆరు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు. అటువంటి నాలుగు పొడుగు పాదాలైనంక కింద తేటగీతో ఆటవెలదో కట్టాలె. తాసీల్దారుకు అర్జీ రాసిన అలవాటు ఉన్నోళ్లకు ఈ నడక తెలుసు. ముందు కష్టాల ఏకరువు, ఆఖరున మనవి. ‘గబ్బిలం’ల సీసంతో పాటు వృత్తాలు ఎన్నో ఉన్నయి గాని, మొత్తం కావ్యం నడక మాత్రం అర్జీ నడకే. పెద్ద కచేరిల పెద్ద దొరకు పెట్టుకున్న పెద్ద అర్జీ. వినయం ఉంది, ఎత్తిపొడుపు ఉంది, నాలుగు వర్ణాలను నాలుగు పడగల పాముగ చూపించే తెగువ ఉంది. అయినా వినాల్సినోడు పైనున్నోడే. ఆ కాలానికి దళితుని ‘నేను’ అంతవరకు వచ్చి నిలబడ్డది.

అర్జీ గురించి మా భువనగిరి దిక్కు ఇంకొక కథ ఉంది. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిల వినోబా భావేను దళితులు భూమి అడిగిండ్రు. 80 ఎకరాలు కావాలన్నరు. వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలు ఇస్తనన్నడు. భూదానోద్యమం అక్కడ పుట్టింది, ఊరి పేరు భూదాన్ పోచంపల్లి అయింది. ఇచ్చినాయన పేరు, తీసుకున్నాయన పేరు పిల్లల పుస్తకాలల్ల ఉంది. అడిగినోళ్లు ‘హరిజనులు’ అనే ఒక్క మాటల కలిసిపోయిండ్రు. అర్జీ అనే రూపానికి ఉన్న గుణమిది. అడిగినోడు ఎంత బాగ అడిగినా, కథ ఇచ్చినోనిదే అయితది.

అంతకు ఏడేండ్ల ముందు, 1944లో, భువనగిరిలనే ఆంధ్ర మహాసభ జరిగింది. బొల్లేపల్లి రావి నారాయణరెడ్డి అధ్యక్షుడైండు. వెట్టి పోవాలనే మాట సంగం మాట అయి ఊరూరికి పోయింది. సుద్దాల హనుమంతు గొల్లసుద్దులను, బుర్రకథను సంగం పనికి తెచ్చిండు. జనం పాడుకునే రూపాలు అట్ల రాజకీయంలకు వచ్చినయి. ఆ పాటల ‘మనం’ చానా పెద్దది. రైతు, కూలి, జీతగాడు అందరు అండ్ల ఉన్నరు. మా తాతలు సుత ఆ ‘మనం’ల నిలబడి దొరల మీదికి పోయిండ్రు. ఆ మేలు మరువం. కాని అండ్ల మా వాడ పేరు కూలి అనే పేరు కిందనే ఉండిపోయింది. వెట్టి పోయినంక సుత సచ్చిన గొడ్డును ఈడ్చుడు మావోళ్ల పనే అయింది. ఆ సంగతి చెప్పెతందుకు ఇంకొక రూపం కావాల్సి వచ్చింది.

ఆ రూపాన్ని 1985 జులై 17 కారంచేడు, 1991 ఆగస్టు 6 చుండూరు తెచ్చినయి. అక్కడ చచ్చిపోయినోళ్లు ఎవరి ముందు అర్జీ పెట్టుకోవాలె? ఆ తర్వాత వచ్చిన కవిత్వం చూడండి. ఎండ్లూరి సుధాకర్ ‘వర్తమానం’ 1992లో, మద్దూరి నగేష్‌బాబు ‘వెలివాడ’, సతీష్ చందర్ ‘పంచమవేదం’ 1995లో వచ్చినయి. మనవి చేసే గొంతు వెనుకకు పోయింది. సాక్షి గొంతు ముందుకు వచ్చింది. నేను చూసిన, నా మీద జరిగింది, రాసుకోండి. ఇది వాంగ్మూలం. వాంగ్మూలానికి యతిప్రాసలు అడ్డం వస్తయి. అందుకే వచనం వచ్చింది. శిల్పం చాతగాక వచనంలకు వచ్చిండ్రనుకునేటోళ్లు, బోనుల నిలబడ్డోడు సీసపద్యం చెప్తడా అని ఒకసారి ఆలోచించాలె.

కాని వచనం సుత అందరికి ఒక్క తీరుగ అందలేదు. ఇక్కడ నా సంగతి కొంచెం చెప్తె గాని అర్థం కాదు. నేను పదో తరగతిల ఉన్నప్పుడే నాయన మీద సీసం కట్టిన. గణాలు కుదిరినయి. చదివి చూసుకుంటె అండ్ల డప్పు కాస్త ‘డిండిమం’ అయింది, నాయన ‘జనకుడు’ అయిండు. కాలేజిల ఉన్నప్పుడు అదే సంగతి వచనంల రాసి ఒక పత్రికకు పంపిన. అచ్చయి వచ్చింది. ‘అవ్వ’ ఉన్న తావున ‘అమ్మ’, ‘కూడు’ ఉన్న తావున ‘అన్నం’, ‘లంద’ ఉన్న తావున ‘గొయ్యి’. లంద అంటె గొయ్యి కాదు. సున్నంల నానబెట్టి వెంట్రుక తీసిన తోలును తంగేడు చెక్కతోని ఊరబెట్టే తావు. ఆ వాసన మా ఒంటికి ఉండేది. ‘గొయ్యి’కి ఆ వాసన లేదు. సంపాదకుడు దిద్దింది మూడు మాటలే. ఆ మూడు మాటలు పోతె కవితల మేం లేం.

అప్పుడు అర్థమైంది, మాకు వచనం సుత ఒక ఛందస్సేనని. సీసానికి గణాలు నేర్చుకున్నట్టే, ఆ వచనానికి రెండు మూడు జిల్లాల చదువుకున్నోళ్ల భాష నేర్చుకోవాలె. ‘వచ్చాడు’ అని రాస్తె కవిత, ‘వచ్చిండు’ అని రాస్తె మాండలికం! కోస్తా దళితకవికి ఒక్క గడప ఉంటె, నల్లగొండ, పాలమూరు దళితకవికి రెండు గడపలు. 2000లో వేముల ఎల్లయ్య ‘కక్క’ నవలను నల్లగొండ మాదిగవాడ మాటతోనే మొదటినుంచి ఆఖరు దాక రాసిండు. చదువుడు కష్టమన్నోళ్లు ఉన్నరు. ఆ కష్టం మేం పుస్తకాలు చదివిన కాలమంత పడ్డదే. నవల అయినా, కవులకు అది ఇచ్చిన ధైర్యం చానా పెద్దది.

సుధాకర్ 1998లో ‘కొత్త గబ్బిలం’ రాసిండు. జాషువా గబ్బిలం ఎగిరిన 57 ఏండ్లకు అదే పక్షిని పిలిచిండు. పేరు ఉంచుకున్నడు, పద్యాన్ని విడిచిండు. అది వచనంల నడిచిన దీర్ఘకావ్యం. పేరు ఉంచుకునుడు వారసత్వం, పద్యం విడుచుడు తెగతెంపు. ఒకే పుస్తకంల రెండూ చేసిండు. తాతను కాదనకుంట తాత భాషను విడిచిపెట్టుడు ఎంత కష్టమో ఇంట్లనుంచి మొదటిసారి చదువుకు బయటికి పోయిన ప్రతి దళిత పిల్లగానికి తెలుసు. పెద్ద కొడుకు తండ్రి ఇంటికి కొత్త కప్పు వేసినట్టు ఉంటది ఆ కావ్యం పేరు. 2022 జనవరిల సుధాకర్ పోయిండు. ఆ పేరుల ఉన్న ‘కొత్త’ను విమర్శ ఇప్పటికన్న పట్టించుకోవాలె.

‘కొత్త గబ్బిలం’ వచ్చిన కాలం ఊకె వచ్చింది కాదు. 1994 జులై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిల మాదిగ దండోరా మొదలైంది. ఆ పేరు చూడండి. దండోరా అంటె చాటింపు. మా నాయన బతుకంత చేసిన పని అదే. ఇన్నాళ్లు ఊరి మాటను చాటిన డప్పు మొదటిసారి కొట్టేటోని మాటను చాటింది. తిట్టుగ ఉన్న కులం పేరును మనుషులు తమ పేరు వెనుక పెట్టుకున్నరు. పేరు చివర ఒక మాట చేర్చుడు సుత ఒక రూపమే.

మా వాడల అప్పుడొక పంచాయితి నడిచింది. అంతకు పదేండ్ల ముందే మా పోరగాండ్లు సావుకు డప్పు కొట్టమని ఎదురు తిరిగిండ్రు. అది బానిస పని అన్నరు. నాయన డప్పును దూలానికి తగిలించిండు. చానా ఏండ్లు అది అక్కడనే ఉంది. దండోరా సభకు లారీలు పోయిన దినం ఆ పోరగాండ్లే వచ్చి ‘పెద్దనాయనా, డప్పు తియ్యి’ అన్నరు. నాయనకు సమజ్ కాలేదు. ‘అప్పుడు వద్దంటిరి, ఇప్పుడు కొట్టుమంటిరి, ఏది నిజంరా’ అన్నడు. రెండూ నిజమే. ఊరోళ్లు పిలిస్తె కొట్టుడు వెట్టి, నా అంతట నేను కొట్టుడు దండోరా. డప్పు అదే, సిర్ర అదే, చిటికెన పుల్ల అదే, దరువు సుత అదే. మారింది ఎవరి కోసం కొడుతున్నమన్నదే. నాయన కొంచెం సేపు ఊకుండి, తంగేడు పొరక మంటేసి డప్పు కాగబెట్టిండు. రూపానికి సొంత అర్థం ఉండదు, పట్టుకున్న చెయ్యే దానికి అర్థమని నాకు ఏ సాహిత్యశాస్త్రం ఇంతకంటె బాగ చెప్పలేదు.

నాయన మీద కవితను నేను మూడోసారి రాసింది ఆ తర్వాతనే. ఈసారి గణాలు చూసుకోలేదు, పత్రిక భాష చూసుకోలేదు. దరువు ఆగిన తావున పాదం విరిచిన. పొట్టి పాదాలు, మధ్యల మళ్లీ మళ్లీ వచ్చే ఒక మాట. అందుకే మన పాటను, మన కవితను వేరుగ చూడొద్దంట. పాలమూరు దిక్కు గౌరారం గోరటి వెంకన్నకు ‘వల్లంకి తాళం’ మీద 2021 కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. పేరుల తాళం ఉన్న పుస్తకం. పాటకు శిల్పం లేదన్న పాత లెక్కను ఆ దినం తుడిచేయాల్సి ఉండె.

అర్జీ, వాంగ్మూలం, దండోరా. ఈ మూడింటిల వినేటోడు మాత్రం ఎక్కువసార్లు బయటోడే. శివుడు, సమాజం, సర్కారు. నాలుగో రూపం ఆడోళ్లు తెచ్చిండ్రు. 2009లో వచ్చిన జూపాక సుభద్ర కవితల పుస్తకం పేరు ‘అయ్యయ్యో దమ్మక్కా’. పేరుల్నే పిలుపుంది. ఆ పిలుపు దేవునికి కాదు, దొరకు కాదు. వాడల ఇంకొక ఆడమనిషికి. నాట్లకాడ, బాయికాడ ఒకరితోని ఒకరు చెప్పుకునే మాట అది. వినేటోళ్లు మనోళ్లే అయినప్పుడు మాటకు అర్థం చెప్పే పనుండదు, నిరూపించే పనుండదు, తప్పుంటె తప్పని అనొచ్చు. ఇంటి మగోని తప్పు సుత ఆ మాటల్ల వస్తది. మన మగ కవుల ‘నేను’ల ఇన్నాళ్లు లేని మనిషి అక్కడ కూసుని ఉంది.

వినేటోళ్లు మనోళ్లే అన్న తావుల మనల్ని మనం అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. మాదిగలకు జాంబపురాణం చెప్పేది చిందోళ్లు, డక్కలోళ్లు. భూమి పుట్టక ఆరు నెలల ముందు జాంబవుడు పుట్టిండని, మీరే ముందటోళ్లని మన గడపకొచ్చి మనకు చెప్తరు. మనల్ని మనం తెలుసుకున్న తొలి పుస్తకం డక్కలోని పటం. మనకు అంత పెద్ద పుట్టుక ఇచ్చినోన్ని మనం ఎక్కడ కూసోబెట్టినం? వాడ బయట. పాలమూరు దిక్కు కిన్నెర మెట్లు పలికించిన దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చినప్పుడు అందరం చప్పట్లు కొట్టినం. ఆ కిన్నెర మన వాకిట్ల ఎన్ని తరాలు మోగింది, గింజలు తప్ప మనమేమిచ్చినం?

2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణకు దారి ఇచ్చింది. 2025 ఏప్రిల్ 14న తెలంగాణల ఆ చట్టం అమలుకు వచ్చింది. దండోరా అడిగిన 31 ఏండ్లకు జవాబు దొరికింది. కాగితం మీద 59 కులాలు మూడు గుంపులైనయి. రేపు ఒక డక్కలి పిల్ల, ఒక చిందు పిల్లగాడు కవిత రాస్తరు. అండ్ల ‘నేను’ వాళ్లు, ‘మీరు’ మనం. వాళ్లు ఏ రూపంల రాస్తరో చెప్పేటందుకు మనకు హక్కు లేదు. మనకు అర్జీ పెడతరా, మన మీద వాంగ్మూలం ఇస్తరా, మన వాడల నిలబడి దండోరా వేస్తరా అన్నది వాళ్ల ఇష్టం. అప్పుడు మనలో ఎవడన్న లేచి ‘బాధ ఉంది గాని శిల్పం లేదు’ అనకుంటె చాలు.